మోగితేనే సంతకం

నా చేతిమీదుగా వెళ్లే ఏ కాగితం మీదైనా ఫోన్ నంబరు ఉంటే, ఆ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడనిదే, అచ్చుకి ముందు తీసే ప్రూఫు మీద నేను సంతకం పెట్టను. ఊరికే కళ్లతో చూస్తే చాలదు. ప్రూఫు ఎదురుగా పెట్టుకుని, ఎడమచేతి చూపుడువేలు అంకె మీద ఆనించి, కుడిచేత్తో ప్రెస్సులోని పాత బల్లఫోన్ మీద అదే అంకె నొక్కాలి. అవతల మోగితేనే సంతకం. ఇది నాకు నేను పెట్టుకున్న నియమం. పన్నెండేళ్ల క్రితం ఒక పెళ్లిపత్రికలో హాలు నంబరు బదులు ఎముకల డాక్టరు నంబరు పడింది. చుట్టాలందరూ ఆయనకి ఫోన్ చేసి భోజనాలు ఎన్నింటికని అడిగారట. ఆయన పెద్దమనిషి కాబట్టి మూడోరోజు నుంచి విసుక్కోకుండా హాలుకి దారి చెప్పడం మొదలుపెట్టాడు. మా ప్రెస్సాయన మాత్రం నన్ను నెలరోజులు దులిపేశాడు.

ప్రెస్సులో నేను పేజీలు పెట్టే మనిషిని. అక్షరాలు కూర్చడం, బొమ్మలు అమర్చడం, తప్పులు ఏరడం అన్నీ నావే. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. అన్నానికి కూర్చుని కూడా ఉప్పు పొట్లం మీద అచ్చుతప్పులు వెతుకుతాను. నాకు పెళ్లి కాకపోవడానికి అదే కారణమని మా చెల్లి అనేది. "నీతో కాపురం అంటే రోజూ పొద్దున్నే ప్రూఫు ఇచ్చుకోవాలి అన్నయ్యా, ఎవరికుంటుంది ఓపిక" అని నవ్వేది.

మా చెల్లి ఐదునెలల క్రితం చనిపోయింది. బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగిపోయింది. ఇలా రాయడం నాకు తేలికే, రాయడం నా పని. నోటితో అనడమే అప్పటికింకా చేతకాలేదు. ఎవరైనా అడిగితే "లేదండీ" అనేవాణ్ణి. ఇంట్లో లేదనుకుని, మళ్లీ వస్తామని వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

మా చెల్లి, ఇంకో ఇద్దరు కలిసి పదకొండేళ్లుగా ఒక సంఘం నడిపారు. దాని పేరు తోడు. పెద్ద పనేమీ కాదు. ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లాల్సిన వాళ్లు ఫోన్ చేస్తే, వెంట ఒక మనిషిని పంపుతారు. ఆ మనిషి చీటీ రాయిస్తాడు, వరసలో నిలబడతాడు, డాక్టరు చెప్పింది గుర్తుపెట్టుకుంటాడు, లోపల ఆపరేషను జరుగుతుంటే బయట బల్ల మీద కూర్చుంటాడు. ఫోన్లు ఎత్తేది మా చెల్లే. నంబరు కూడా తన సొంత నంబరే. హలో అనేది కాదు. "చెప్పండి, కూర్చునే ఉన్నాను" అనేది. తొందరేం లేదు, నిదానంగా చెప్పుకోమని అర్థం. చాలాసార్లు నిలబడి కూర కలుపుతూనే అనేది.

మిగతా ఇద్దరిలో అధ్యక్షులు ఒకప్పటి బడి పంతులు. మైకు దొరికితే వదలడు కాబట్టి అందరికీ ఆయన మైకు మాస్టారు. రెండో ఆవిడ రిటైరైన నర్సు, నర్సక్క. చెల్లి పోయాక వీళ్లిద్దరూ సంఘానికి కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకున్నారు. ఊరంతా పంచడానికి కొత్త కరపత్రం వెయ్యాలనుకున్నారు. మొదటి నుంచీ సంఘం కాగితాలన్నీ నేనే చేస్తున్నాను కాబట్టి ఇదీ నా బల్ల మీదికే వచ్చింది.

గ్రంథాలయం వెనకాల గది ఒకటి సంఘానికి వాడుకోవడానికి ఇచ్చారు. కరపత్రంలో ఏం ఉండాలో మాట్లాడుకోవడానికి ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చున్నాం. మైకు మాస్టారు రెండు పేజీల ప్రసంగం రాసుకొచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో "మీకు మేమున్నాం" అనీ, దాని పక్కన మూడు ఆశ్చర్యార్థకాలూ ఉండాలన్నాడు. కింద ఒక చేతిని ఇంకో చెయ్యి పట్టుకున్న బొమ్మ కావాలన్నాడు. ఆ బొమ్మ బ్యాంకుల నుంచి బోరింగు పంపుల వాళ్ల దాకా అందరూ వాడేసిందే. మామూలుగా అయితే నేను ఒంటికాలి మీద లేచేవాణ్ణి. ఒక్క ఆశ్చర్యార్థకానికే ఒప్పుకోను, మూడా! ఆ రోజు మాత్రం "సరే" అన్నాను.

నర్సక్క నా వంక అదోలా చూసింది. "ఏంటి, మూడింటికీ ఒప్పుకున్నారా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"జ్వరమేమో చూసుకోండి ఎందుకైనా మంచిది."

కరపత్రం వెనకవైపు మా చెల్లి ఫోటో వేసి, కింద రెండు వాక్యాలు నివాళి రాయాలని కూడా ఆవిడే అంది. దానికీ సరే అన్నాను.

ఆ పని రెండు రోజుల్లో ముగించాను. ఫోటోలో చెల్లి చెంప మీద ఎవరిదో నీడ పడింది, అది తుడిచేశాను. వెనక ఉన్న కిటికీ కత్తిరించాను. చుట్టూ సన్నటి నల్లగీత కట్టాను. పుట్టిన తేదీ, పోయిన తేదీ టైపు చేశాను. రెండు తేదీల మధ్య గీత కొంచెం పొడుగైందనిపించి తగ్గించాను. ఇదంతా చేస్తున్నంతసేపూ నాకు చీమ కుట్టినట్టయినా లేదు. నర్సక్క కొత్త నంబరు రాసిచ్చిన చీటీ కంప్యూటరు అంచుకి అంటించి ఉంది. ముందువైపు అడుగున, ముసలివాళ్లకి కూడా కనపడేంత పెద్దగా నంబరు వేశాను.

సోమవారం పదకొండింటికి ప్రూఫు తీశాను. వేలు ఆనించి ఒక్కో అంకే నొక్కాను. అవతల మోగింది. ఎనిమిదిసార్లు మోగింది, ఎవరూ ఎత్తలేదు. నర్సక్క ఏ పనిలో ఉందో అనుకున్నాను. నియమం ప్రకారం మోగితే చాలు, కాబట్టి సంతకం పెట్టాను. ఐదువేలు అచ్చయ్యాయి. ఆసుపత్రి కిటికీల దగ్గర, మందుల దుకాణాల్లో, గ్రంథాలయంలో, బస్సులు ఆగే చోట పంచారు.

ఇక్కడ నా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా చెల్లికి ఒక కూతురు. దాని చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇప్పుడు మందుల దుకాణంలో ఉద్యోగం చేస్తూ నా దగ్గరే ఉంటోంది. ఇరవై మూడేళ్లొచ్చినా మాకు అది చిట్టే. చెల్లి పోయిన వారానికి చిట్టి తన తల్లి ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నా దగ్గర వద్దు మామయ్యా" అంది. ఆపెయ్యమని అనలేదు. నేనూ ఆపలేదు. శబ్దం రాకుండా చేసి ఇంట్లో నా బల్ల సొరుగులో బోర్లా పెట్టాను. రోజూ పొద్దున లేవగానే పళ్లు తోముకుని, పాలు పొయ్యి మీద పెట్టి, ఆ ఫోనుకి ఛార్జింగు పెట్టేవాణ్ణి. నిండాక వైరు తీసేవాణ్ణి. తిప్పి చూసేవాణ్ణి కాదు. ఎందుకు చేస్తున్నావని అడిగితే చెప్పలేను. పాలు కాచినట్టే అదీ ఒక పని.

కరపత్రాలు పంచిన పదిహేను రోజులకి మళ్లీ ఆ గదిలో కూర్చున్నాం. బల్ల మధ్యలో కొత్త ఫోను పెట్టి ఉంది. ఈ పదిహేను రోజుల్లో అది ఒక్కసారి కూడా మోగలేదు.

మైకు మాస్టారు గొంతు తగ్గించి మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. "జనానికి మన అవసరం తీరిపోయిందేమో. ఫోన్ చేసింది మనకి కాదు, ఆ అమ్మాయికి. ఆ అమ్మాయితోనే అదీ పోయింది. గది ఊరికే ఆపుకోవడం ధర్మం కాదు. శుక్రవారం తాళంచెవి తిరిగిచ్చేద్దాం."

నర్సక్క చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఐదువేల కాగితాలకి ఒక్కటంటే ఒక్క ఫోనూ రాదా?" అని నా వైపు తిరిగింది. "మీరు నంబరు సరిచూశారు కదా?"

"చూడకపోవడమేంటి? ఫోన్ చేసి మరీ చూశాను. మోగింది."

"ఎప్పుడు?"

"ఆ సోమవారం, పదకొండింటికి."

ఆవిడ కొత్త ఫోను అందుకుని చాలాసేపు వేలితో వెనక్కి జరిపింది. "ఆ రోజు ఏ ఫోనూ రాలేదే! ప్రెస్సు నుంచి అసలు ఒక్కటి కూడా లేదు."

బల్ల మీద ఉన్న కరపత్రాల కట్టలోంచి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అడుగున, ముసలివాళ్లకి కూడా కనపడేంత పెద్దగా, మా చెల్లి నంబరు ఉంది.

పదకొండేళ్లు ప్రతి కాగితం మీదా వేసిన నంబరు. చీటీ ఎదురుగా ఉన్నా చెయ్యి తనకి తెలిసిందే కొట్టింది. తెలిసిన నంబరు కాబట్టి కన్ను ఎక్కడా ఆగలేదు. ఇక మోగడమంటారా, మోగదూ? రోజూ పొద్దున్నే ఛార్జింగు పెట్టింది నేనే కదా.

అక్కడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. తప్పు చేశానని చెప్పడం పెద్ద సంగతి కాదు, ప్రెస్సులో ఎన్నిసార్లు చెప్పలేదు! కానీ ఇది చెప్తే, సొరుగులో ఫోను ఉందనీ, దాన్ని ఐదునెలలుగా బతికిస్తున్నాననీ కూడా చెప్పాలి. అప్పుడు వాళ్లు జాలిగా చూస్తారు, "ఇంక ఆపెయ్యండి" అంటారు. "కనుక్కుంటాను" అని నీళ్లు నమిలి లేచాను. శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది.

ఇంటికెళ్లేసరికి ఇంకా ఎండ ఉంది. చిట్టికి ఆ రోజు సెలవు, వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి సొరుగు లాగి, ఐదునెలల తర్వాత ఆ ఫోనుని తిప్పి చూశాను.

నలభైమూడు ఫోన్లు. ఎత్తనివి. అన్నీ ఈ పదిహేను రోజుల్లో వచ్చినవే, అంతకు ముందువి ఇంకా కింద ఉన్నాయి. నంబర్లు కాగితం మీద రాసుకుంటూ పోయాను, ప్రూఫు దిద్దినట్టే. మొత్తం పదకొండు కొత్త నంబర్లు. అవి కాకుండా పంతొమ్మిదిసార్లు పేరుతో వచ్చిన ఫోన్లున్నాయి. ఆ పేరు చిట్టి.

తలెత్తితే అది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తడి గరిట.

"ఇంకా ఛార్జింగు పెడుతున్నావా మామయ్యా?"

"ఊఁ."

"నాకు తెలుసులే. లేకపోతే మోగదు కదా." గరిట వంక చూస్తూ అంది. "దుకాణంలో మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు చేస్తుంటాను. ఎవరూ ఎత్తరని తెలుసు. మోగుతుంటే బాగుంటుంది, అంతే."

నేను దాన్ని దగ్గరికి తీసుకోవాల్సింది. కాగితం మీద రాసిన నంబర్లు చూపించి, "వీళ్లకి ఫోన్ చెయ్యాలి" అన్నాను. అది కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

ఆ పదకొండింటిలో ఒక నంబరు నుంచి ఆరు ఫోన్లు వచ్చాయి. ఆరూ పోయిన మంగళవారం పొద్దున, ఆరూ పదికీ ఏడూ నలభైకీ మధ్య. ముందు దానికే చేశాను. ఒక పెద్దాయన ఎత్తాడు.

"తోడు సంఘం నుంచండీ. మీరు ఫోన్ చేసినట్టున్నారు."

"చేశాను బాబూ. కంటి ఆపరేషను. వెంట మనిషి లేకపోతే లోపలికి తీసుకోం అన్నారు. అందుకని."

"మరి అయిందాండీ?"

"అయిపోయింది. వెంట వచ్చినవాళ్లు పెట్టాల్సిన సంతకం ఒకటుందంట. పక్కమంచం ఆయన కొడుకు పెట్టాడు పాపం. మధ్యాహ్నానికి పంపేశారు. ఒక కన్ను కట్టేసుందా, బస్సు నంబరు కనపళ్లేదు. రెండు బస్సులు తప్పెక్కి ఇంటికొచ్చా. పర్లేదు."

పర్లేదన్న మాట నా చెవిలో ముల్లులా దిగింది. తప్పు నాదైతే ఎదుటివాడి మీద విసుక్కునే గుణం ఒకటుంది నాకు. "ఎత్తకపోతే ఇంకెవరినైనా పిలుచుకోవాల్సింది కదండీ! ఆరుసార్లు చేస్తారా?" అనేశాను.

"మోగుతోంది కదా బాబూ," అన్నాడు, నాకు తెలియని సంగతి ఓపిగ్గా చెప్తున్నట్టు. "మోగుతుంటే ఎవరో ఉన్నారులే, ఇంకాసేపటికి ఎత్తుతారులే అనిపించింది. పనిచెయ్యట్లేదని వచ్చుంటే అప్పుడే ఇంకో దారి చూసుకునేవాణ్ణి."

ఐదునెలలుగా నాకేమీ అనిపించడం లేదు. అప్పుడు అనిపించింది. సిగ్గేసింది.

పెద్దాయన ఇంకా మాట్లాడుతున్నాడు. "ఆ కాగితం వెనకాల ఫోటో ఉంది చూడు, ఆ అమ్మ నాలుగేళ్ల కిందట మా ఆవిడకి తోడొచ్చింది. రెండు రోజులు బయట బల్ల మీదే కూర్చుంది. అక్షరాలు నాకు ఆనవు గానీ ఫోటో గుర్తుపట్టా. ఆ అమ్మే ఎత్తుతుందనుకున్నా. ఉందా పక్కన?"

"లేదండీ," అన్నాను.

"ఎప్పుడొస్తుంది?"

చిట్టి నా మొహంలోకి చూస్తోంది. ఈసారి తప్పించుకోవడానికి ఇంకో "లేదండీ" దొరకలేదు.

"చనిపోయిందండీ. మా చెల్లి. ఐదునెలలైంది."

"అయ్యయ్యో" అన్నాడు. తర్వాత, అలాంటి మనిషికే తోచే ప్రశ్న ఒకటి అడిగాడు. "పోయేటప్పుడు దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. బస్సు దగ్గర నిలబడి ఉండగా... ఎవరూ లేరు."

చిట్టి తల బల్ల మీద ఆనించేసింది. నేను ఎడమచెయ్యి దాని తల మీద వేశాను. కుడిచేతిలో ఫోను అలాగే ఉంది.

"మళ్లీ ఎప్పుడు చూపించుకోమన్నారు మిమ్మల్ని?" అన్నాను.

"రేపు పొద్దున ఎనిమిదింటికి."

"నేనొస్తాను."

"వద్దులే బాబూ, ఎందుకు శ్రమ. ఇప్పుడు దారి తెలిసిపోయింది కదా."

"నాకు తెలీదండీ. మీరే చూపిద్దురు గానీ."

ఆయన కొంచెం నవ్వినట్టున్నాడు. మూడో అంతస్తుకి మెట్లు ఏ పక్కనుంటాయో చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఒక కరపత్రం తిరగేసి, నివాళి పక్కన ఖాళీలో రాసుకున్నాను.

ఆ తర్వాత నర్సక్కకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. నంబరు, సొరుగు, ఛార్జింగు, ఆరు ఫోన్లు, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. "మూడు ఆశ్చర్యార్థకాలకి ఒప్పుకున్నప్పుడే అనుకున్నాను, ఈ మనిషికి మతి లేదని." గొంతు సవరించుకుని, "ఏడవడం తర్వాత. ముందు మిగతా పది నంబర్లు చదవండి, రాసుకుంటాను" అంది. పదీ చదివాను. ఆవిడ అందరికీ ఫోన్ చేసి, మళ్లీ నాకు చేసింది. వాటిలో నాలుగు ఇంకా ఆసుపత్రి తేదీ దాటనివి.

"ఐదువేలకీ పైన కొత్త నంబరు అంటించాలంటే వారం పడుతుంది," అంది చివర్లో. "ఈలోగా ఎవరైనా చేస్తే?"

"అంటించొద్దు. ఆ నంబరే ఉండనివ్వండి."

"ఎత్తేదెవరు?"

"నేనెత్తుతాను."

"మీరా? మనుషులతో మాట్లాడతారా?" అంది. వెంటనే, "సరే. తాళంచెవి సంగతి మాస్టారికి నేను చెప్తాను. ఆయన ప్రసంగం రాసుకుని ఉంటాడు, వృథా అయిపోతుందని బాధపడతాడేమో" అంది.

మర్నాడు ప్రెస్సులో మధ్యాహ్నం వరకూ సెలవు అడిగాను. ఇరవై ఆరేళ్లలో నేను సెలవు అడగడం అరుదు కాబట్టి ప్రెస్సాయన కారణం అడగడం కూడా మరిచిపోయాడు. పెద్దాయన ఆసుపత్రి గేటు దగ్గరే ఉన్నాడు. పొట్టి మనిషి, కంటికి తెల్లకట్టు, చేతిలో మందుల చీటీల సంచి. నా మోచెయ్యి పట్టుకుని మూడో అంతస్తుకి తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఎక్కడ మెట్టు ఎత్తుగా ఉందో నాకే హెచ్చరికలు. లోపలికి పిలిచాక నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఇనప బల్ల. ఒక కాలు పొట్టిది, కదిలితే టక్కుమంటుంది. మా చెల్లి ఇలాంటి బల్లల మీద పదకొండేళ్లు కూర్చుంది. ఎలా ఉంటుందని నేనెప్పుడూ అడగలేదు.

జేబులో చెల్లి ఫోను మోగింది. శబ్దం పెట్టింది నేనే, అయినా ఉలిక్కిపడ్డాను. చిట్టి.

"చెప్పు, కూర్చునే ఉన్నాను," అన్నాను. అనాలనుకుని అనలేదు, అలా వచ్చేసింది.

"ఏం లేదు మామయ్యా. అలవాటుగా చేశాను. నువ్వెత్తుతావని మర్చిపోయాను" అంది.

"పెట్టేయనా?"

"వద్దు. ఉండు కాసేపు."

దానికి నా బల్ల చప్పుడు వినపడుతోంది, నాకు దాని దుకాణంలో ఎవరో దగ్గుమందు అడుగుతుండటం వినపడుతోంది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పక్కనున్నావిడ చూసి, లోపలున్న మనిషికి ఏమైందో అనుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు అమ్మాయి చేతిలో ఒక కాగితం పట్టుకుని బయటికి తొంగిచూసింది.

"ఈయన వెంట వచ్చిందెవరండీ? ఇక్కడ సంతకం పెట్టాలి."

"నేనేనండీ," అని లేచాను.